అక్షరం నీడ ఏ మూలన పడాలి?

మా కాలనీ మలుపులో ఈ మధ్య ఒక పాత హోటల్ కొత్తగా తెరిచారు. తెరిచిన రోజే దానికి నలభై ఏళ్లు నిండాయి. గోడలు పెచ్చులూడినట్టు కనిపించేలా పెయింటు వేయించారు. మూలన పసుపు రంగు ఎస్టీడీ బూత్ బోర్డు పెట్టారు. గాజు గ్లాసుల్లో టీ పోసి, తీగల స్టాండులో పెట్టి తెచ్చిస్తున్నారు. ఇదంతా సహించవచ్చు. టీ నూట ఇరవై అయితే అయింది, పాతకాలానికి ఆమాత్రం మెయింటెనెన్స్ ఉంటుంది. సహించలేనిది బోర్డు. లావుపాటి పసుపు అక్షరాలు, వాటి వెనక ఎర్రటి నీడ, నీడ అంచున కుంచె జారినట్టు సన్నటి గీతలు. అడుగున చిన్న అక్షరాల్లో 'అమ్మమ్మ చేతి రుచి' అని రాసుంది.

అమ్మమ్మలో రెండు 'మ్మ'లు ఉన్నాయి కదా. మొదటి దాని ఒత్తు కింద రంగు కారి ఒక బొట్టు ఆగింది. రెండో దాని ఒత్తు కింద కూడా సరిగ్గా అక్కడే, అంతే పొడవున, అదే వంకరతో ఇంకో బొట్టు ఆగింది. చేత్తో రాసే మనిషికి ఒకే పొరపాటు రెండుసార్లు ఒకేలా చేయడం చేతకాదు. అంతటి క్రమశిక్షణ కంప్యూటర్‌కే ఉంటుంది.

అంటే అది ఫాంటు. డిజైనర్ల భాషలో రెట్రో డిస్‌ప్లే ఫాంటు, చేత్తో గీసినట్టుండే షాడో ఎఫెక్టుతో. ధరలు, తాగునీళ్లు, ఉద్యోగాలు లాంటి చిన్నాచితకా సమస్యల మీద పది చానెళ్లు రోజూ చర్చలు పెడుతూనే ఉన్నాయి. అక్షరాల నీడ మీద మాత్రం ఇంతవరకు ఒక్క అఖిలపక్ష సమావేశం కూడా జరగలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందుగా చరిత్ర. నీడను పోతపోసి అమ్ముకోవడం ఇవాళ పుట్టిన వ్యాపారం కాదు. లండన్‌లో విన్సెంట్ ఫిగిన్స్ అనే అచ్చక్షరాల తయారీదారు 1815 ప్రాంతంలోనే నీడతో కూడిన అక్షరాలను తన నమూనా పుస్తకంలో చూపించాడు. అంతకుముందు అక్షరమంటే పుస్తకంలో బుద్ధిగా కూర్చుని చదివించుకునేది. నాటకాల వాళ్లూ లాటరీల వాళ్లూ గోడలకు కాగితాలు అంటించడం మొదలుపెట్టాక, పక్క కాగితం కంటే గట్టిగా అరిచే అక్షరం కావలసివచ్చింది. అక్షరాన్ని లావు చేశారు. చాలలేదు. ఇంకా లావు చేశారు. కాగితంలో జాగా అయిపోయింది. అప్పుడు నీడ తగిలించారు. నీడ ఉంటే అక్షరం కాగితం మీంచి లేచి ముందుకొచ్చినట్టు కనిపిస్తుంది. ప్రకటనల రంగానికి ఆనాటి నుంచి ఈనాటి దాకా ఉన్న సిద్ధాంతం కూడా అదొక్కటే, ముందుకు తోసుకురావడం.

1874లో అమెరికాలోని కనెటికట్‌లో విలియం పేజ్ కంపెనీ రంగుల చెక్క అక్షరాలతో ఒక నమూనా పుస్తకం వేసింది. ఒక్కో అక్షరానికి రెండు దిమ్మలు. ఒకదానితో ఒక రంగు అద్ది, రెండోదాన్ని సరిగ్గా దాని మీదికి తెచ్చి ఇంకో రంగు అద్దాలి. వెంట్రుకవాసి జరిగితే మనిషి ఒకచోట, నీడ ఒకచోట. ఇవాళ ఫాంట్లు అమ్మేవాళ్లు ఇదే పద్ధతికి లేయర్డ్ ఫాంటు అని పేరు పెట్టి, నూట యాభై ఏళ్ల తర్వాత కొత్త ఫీచర్‌గా చూపిస్తున్నారు. ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. నిలువు బోర్డుల కోసం డేవిడ్ జొనాథన్ రాస్ అనే అమెరికన్ డిజైనర్ తయారుచేసిన బంగీ అనే ఫాంటులో బంగీ షేడ్ అని నీడతో సహా ఒక రకం ఉంది, గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా తీసుకోవచ్చు. అందులో తెలుగు లేదు. ఆయన్ని నేను తప్పు పట్టను. ఎందుకో మీకే తెలుస్తుంది.

ఇంగ్లిషు అక్షరాలకు నీడ వేయడం తేలిక. అవి ఒకదాని పక్కన ఒకటి బ్యాంకు క్యూలో నిలబడతాయి. కింద బోలెడు ఖాళీ, నీడ కాళ్లు చాపుకుని పడుకోవచ్చు. తెలుగు అక్షరానికి పైన తలకట్టో గుడో ఏత్వమో ఉంటుంది, కింద ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తు కూడా చాలాసార్లు కుడివైపుకు జరిగి కూర్చుంటుంది. నీడ పడేది ఎక్కడ? కింద, కుడివైపు. అంటే నీడదీ ఒత్తుదీ ఒకే సర్వే నంబరు. ఇద్దరి దగ్గరా పట్టాదారు పాస్‌బుక్కులున్నాయి. రెండు రాష్ట్రాల రెవెన్యూ శాఖలు కలిసి కూర్చున్నా తేలే తగాదా కాదు.

మన ఊళ్లలో షాపుల బోర్డులు సగం 'శ్రీ లక్ష్మీ వెంకటేశ్వర' అని మొదలవుతాయి. నీడ వేయదలుచుకున్నవాడిని పరీక్షించడానికే దేవుడు ఆ పేర్లు పెట్టుకున్నాడని నా నమ్మకం. శ్రీలో క్రారవడి, అంటే ర ఒత్తు, అక్షరాన్ని కింద నుంచి ఎడమవైపుకు చుట్టుకుంటుంది. పై అక్షరం నీడ వెళ్లి క్రారవడి కడుపులో పడుతుంది, క్రారవడి నీడ తన తోక మీదే పడుతుంది. లక్ష్మీ దగ్గరికి వస్తే క్ష ఒక్కటే చాలా ఇరుకు, దాని కింద మ ఒత్తు కూడా వచ్చి చేరుతుంది, పైన గుడిదీర్ఘం సంగతి సరేసరి. వెంకటేశ్వరలో 'శ్వ' దాటేసరికి బోర్డు కింది సగం నల్లటి ముద్దయి, పై సగంలో తలకట్లు మాత్రం తేలుతూ ఉంటాయి.

ఫాంటులో ఈ ముద్ద ఎందుకు తప్పదంటే, ఒకే రంగు ఫాంటులో అక్షరం, దాని నీడ కలిపి ఒకే బొమ్మ. పక్క అక్షరం వచ్చి ఆ నీడ మీద కూర్చుంటే కంప్యూటర్‌కు ఏది ఎవరిదో తెలియదు, రెండింటినీ కలిపి సిరా పోసేస్తుంది. వేరు చేయాలంటే తయారుచేసేవాడు ప్రతి జంటాక్షరానికీ విడిగా బొమ్మ గీయాలి. హల్లులన్నిటి కిందా ఒత్తులన్నిటినీ కూర్చోబెట్టి, ఆ పైన గుణింతాలన్నీ ఎక్కించి, ఒక్కోదాని నీడనూ చేత్తో కత్తిరించాలి. ఈ పని ఒప్పుకున్న కుర్రాడికి పిల్లనివ్వడానికి ఎవరూ ముందుకు రారు. ఇది అతిశయోక్తి అనుకునేవాళ్లు 2018 ఫిబ్రవరిని గుర్తు చేసుకోవాలి. 'జ్ఞా' అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. యాపిల్ కంపెనీ హడావుడిగా ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సర్దుకోవలసివచ్చింది. అప్పటికి ఆ 'జ్ఞా'కి నీడ కూడా లేదు.

ఈ తగాదాను గోడ మీద రాసే పెయింటర్ ఎలా తీర్చేవాడో చూసినవాళ్లకు తెలుసు. ముందు గోడకు సున్నం కొట్టేవాడు. నీలం పొడి అద్దిన దారం ఒక కొస తను పట్టుకుని, రెండో కొస అసిస్టెంటు కుర్రాడికిచ్చి, మధ్యలో వేలితో లాగి వదిలేవాడు. టప్‌మని గోడ మీద గీత పడేది. పైన ఒకటి, కింద ఒకటి. ఆ రెండు గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు తేలిగ్గా గీసుకుని, చదును బ్రష్‌తో పసుపు నింపి, అది ఆరేదాకా బీడీ కాల్చేవాడు. తర్వాత సన్న బ్రష్ తీసి నీడ మొదలుపెట్టేవాడు. అసలు విద్య ఇక్కడ. మామూలు అక్షరానికి నీడ రెండు వేళ్ల మందం. ఒత్తు దగ్గరికి వచ్చేసరికి అదే నీడ ఒక వేలికి తగ్గిపోయేది. మరీ ఇరుకైతే అసలు వేయకుండా దాటేసేవాడు. క్రారవడి కడుపులో మాత్రం నిండుగా పూసేవాడు, అక్కడ వేస్తేనే అక్షరం తేలుతుంది కాబట్టి. భౌతికశాస్త్రం ప్రకారం ఇది పచ్చి పక్షపాతం. కానీ రోడ్డు మీద సైకిల్ తొక్కుకుంటూ పోయేవాడికి 'లక్ష్మీ' అని చదవడానికి వీలయ్యేది. చివర్న తెల్లరంగుతో ప్రతి అక్షరం ఎడమ భుజం మీద ఒక మెరుపు గీత పెట్టి, నిచ్చెన దిగి, రోడ్డు అవతలికి వెళ్లి, ఒక కన్ను మూసుకుని చూసుకునేవాడు.

లెక్క తప్పితే పొడవు దగ్గర తప్పేది. 'ప్రకృతి వైద్యశాల' అని రాయాలి. 'ప్రకృతి' ఒక్కటే మూడు గజాలు తినేసేది. 'వైద్యశా' దగ్గర వాననీళ్ల గొట్టం అడ్డొచ్చేది. 'ల' గొట్టానికి అవతల ఒంటరిగా నిలబడేది, దానికి కూడా లోపం లేకుండా నీడ ఉండేది. పక్కనే డాక్టరు గారి డిగ్రీల కంటే కాస్త పెద్ద అక్షరాల్లో పెయింటర్ సంతకం, చివర 'ఆర్ట్స్' అనే తోకతో. ఊళ్లో డాక్టరు పేరు తెలియనివాళ్లు ఉండేవారేమో గానీ, ఆ సంతకం తెలియనివాళ్లు ఉండేవారు కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గోడలు పాడుచేయకూడదని 1997లో చట్టం వచ్చింది. దాని తర్వాత చాలా గోడల మీద మిగిలిన ఒకే ఒక్క రాత 'ఈ గోడపై రాయరాదు' అన్నది. దాన్నీ ఆయనే రాశాడు. డబుల్ షేడ్.

ఇక దిక్కుల సంగతి, ఇది ఇంకా తీవ్రమైనది. కంప్యూటర్‌లో నీడ మీట నొక్కితే అది మారుమాట లేకుండా కింద కుడివైపుకే పోతుంది. బోర్డును మ్యాపులా చూస్తే అది ఆగ్నేయం. హోటల్ బోర్డుకైతే పర్వాలేదు, వంటిల్లు అక్కడే ఉండాలి. చిట్‌ఫండ్ ఆఫీసుకు ఆగ్నేయంలో అంత భారం పెడితే ఏమవుతుంది? భారం నైరుతిలో ఉండాలని అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొన్న ప్రతి మనిషికీ బ్రోకర్ చెప్పే ఉంటాడు. లిఫ్టు జరపలేక, మెట్లు తిప్పలేక, పక్కింటివాడి సంపును పూడ్చలేక టెన్షన్ పడే జనం కనీసం బోర్డు మీది నీడనైనా నైరుతికి మార్చుకోవచ్చు కదా అని మన సిద్ధాంతులు ఇప్పటిదాకా చెప్పలేదంటే ఆశ్చర్యంగా ఉంది. మార్కెట్ ఖాళీగా పడి ఉంది.

నవ్వకండి. అమెరికాలో చేత్తో బోర్డులు రాసే సంప్రదాయ పెయింటర్లు నీడను ఎక్కువగా కింద ఎడమవైపుకే వేస్తారు. అంటే సాక్షాత్తూ నైరుతి. వాళ్లు చెప్పే కారణం మాత్రం వేరు. బి, డి, ఇ, ఎల్, పి లాంటి ఇంగ్లిషు అక్షరాలకు ఎడమ పక్కన నిటారు గీత ఉంటుంది, దాని వెంబడి బ్రష్‌ను ఒక్క లాగు లాగితే నీడ అయిపోతుంది, కుడివైపు వేయాలంటే వంపులన్నీ తిరగాలి. పని తగ్గుతుందని అలా చేస్తామంటారు. వాళ్లకు సిద్ధాంతి ఖర్చు లేకుండానే వాస్తు కుదిరిపోయింది. తెలుగుకు ఆ అదృష్టం లేదు. మనకు నిటారు గీతలే తక్కువ, ఎటు చూసినా గుండ్రం, ఏ మూలన వేసినా చాకిరీ ఒకటే. కాబట్టి నీడను నైరుతికి మార్చడానికి మన దగ్గర సాంకేతికమైన అభ్యంతరం ఏదీ లేదు. పైగా ఎడమవైపు వేస్తే ఒత్తుతో ఉన్న పాత తగాదా కొంత తగ్గుతుంది, క్రారవడితో కొత్తది మొదలవుతుంది. అభివృద్ధి అంటే అదే.

సూర్యుడి సాక్ష్యం కూడా తీసుకోవాలి. హైదరాబాదు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఉత్తరం వైపు చూసే గోడ మీద చలికాలమంతా నేరుగా ఎండ పడదు. అయినా ఆ గోడ మీది అక్షరాలకు సంక్రాంతి రోజు కూడా చిక్కటి నీడ ఉంటుంది. ఎండ లేకుండా నీడ ఎక్కడిదని ఏ అధికారీ అడగడు. ఏడాదికి రెండుసార్లు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. 2023లో హైదరాబాదులో మే 9న మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు ఒకసారి, ఆగస్టు 3న మరోసారి ఇది జరిగింది. జీరో షాడో డే అని వార్తలు వచ్చాయి. జనం డాబాల మీదికెక్కి సీసాలు, గ్లాసులు నిలబెట్టి, నీడ లేదని ఫొటోలు తీసుకున్నారు. ఆ నిమిషంలో కరెంటు స్తంభానికి నీడ లేదు, బస్టాపు గుంజకు నీడ లేదు. కింద మొబైల్ షాపు బోర్డు మీద మాత్రం ఒక్కో అక్షరానికి ఆరంగుళాల నీడ, చెక్కుచెదరకుండా. సూర్యుడి మాటకు మన బోర్డులు ఇచ్చే విలువ ఇది.

పెయింటర్ కాలం తర్వాత ఫ్లెక్సీ కాలం వచ్చింది, అది అందరం చూసిందే కనుక త్వరగా దాటేద్దాం. ఫ్లెక్సీలు డిజైన్ చేసే కోరల్ డ్రా సాఫ్ట్‌వేర్‌లో నీడకు విడిగా ఒక టూల్ ఉంది, దానికి విడిగా రేటు లేదు. రేటు లేని వస్తువు దొరికితే మనవాళ్లు ఆగుతారా? అక్షరానికి నీడ. నాయకుడికి నీడ. నాయకుడి చేతిలో గులాబీకి నీడ. కింది వరసల్లో పాస్‌పోర్ట్ ఫొటోల్లో ఉన్న అభిమానులకు తలా ఒక నీడ, అదీ తలా ఒక దిక్కుకు. ఒక్క పుట్టినరోజు ఫ్లెక్సీలో నలుగురు సూర్యులు తిరుగుతుంటారు, ఆ నలుగురిదీ ఒకటే పార్టీ అయి ఉంటుంది.

తెలుగు యూనికోడ్ ఫాంట్ల పేర్లు చూస్తే మాత్రం ఒక నిండు సభ కనిపిస్తుంది. అమెరికాలోని తెలుగువాళ్ల సంస్థ సిలికానాంధ్ర చొరవతో వచ్చి ఉచితంగా దొరుకుతున్న ఫాంట్లలో పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి, తెనాలి రామకృష్ణ, సురవరం, గిడుగు, గురజాడ, ఎన్టీఆర్, సాక్షాత్తూ శ్రీకృష్ణదేవరాయలు కూడా ఉన్నారు. కంప్యూటర్ వీళ్లందరినీ ఇంగ్లిషు అక్షరక్రమంలో నిలబెడుతుంది. దాంతో రాయలవారు 'ఎస్' దగ్గర ఎక్కడో అడుగున ఉండి, ధూర్జటి 'డి' దగ్గర ముందు వరసలో కూర్చుంటాడు. రాజుల కొలువును అంత దుమ్మెత్తిపోసిన కవికి ఇన్నాళ్లకు తగిన గౌరవం దక్కింది అనుకునేలోపే, ఎవరో ఆయన్ని మౌస్‌తో ఎంచుకుని 'యువ కిశోరం, మా డివిజన్ ముద్దుబిడ్డ' అని టైపు చేసి, నీడ ఇచ్చి, ప్రింటుకు పంపుతారు. ముంబయికి చెందిన ఏక్ టైప్ వాళ్లు చేసిన బలూ అనే బొద్దు ఫాంటుకు తెలుగులో బలూ తమ్ముడు అని పేరు. మలయాళానికి చేట్టన్, పంజాబీకి పాజీ. తమ్ముడు లావుగా, గుండ్రంగా, నవ్వుతూ ఉంటాడు, నీడ తగిలిస్తే కాదనడు. మా వీధిలో కర్రీ పాయింట్లు, డ్రైవింగ్ స్కూళ్లు, పంటి డాక్టర్లు అందరికీ తమ్ముడే దిక్కు.

2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని విశాఖపట్నంలో ప్రకటించింది. ముందు నవంబరు 1 అన్నారు, తర్వాత జనవరి 26కు జరిపారు. ఆ నిర్ణయానికి ధన్యవాదాలు చెబుతూ ఎవరో ఒకరు ఫ్లెక్సీ కట్టే ఉంటారని నా అనుమానం. ఫ్లెక్సీ పోతే గుడ్డ బ్యానరు వస్తుంది, గుడ్డ బ్యానరు వస్తే పెయింటర్ వస్తాడని కొందరు ఆశపడ్డారు. పెయింటర్ అప్పటికే ఇళ్లకు రంగులేయడానికి వెళ్లిపోయాడు. ఇంటి రంగులో నీడ ఉండదు, ఒత్తులుండవు, చదరపు అడుగుకు ఇంత అని తీసుకోవచ్చు, ఎవరూ స్పెల్లింగు తప్పని గొడవ పెట్టుకోరు.

అప్పుడే, సరిగ్గా ఆయన నిచ్చెన మడత పెట్టాక, పాతకాలం మీద మనకు ప్రేమ పుట్టుకొచ్చింది. పెళ్లికార్డులు రెట్రో, బిర్యానీ డబ్బాలు రెట్రో, సినిమా టైటిళ్లు రెట్రో. రంగు కారితే పెయింటర్‌ను తిట్టిన షాపు ఓనరు కొడుకు, ఇప్పుడు రంగు కారినట్టుండే ఫాంటును డాలర్లు పోసి కొంటున్నాడు. ఇలాంటి ఫాంట్లను చాలావరకు రెండు రకాలుగా అమ్ముతారు, నున్నగా ఉండేది ఒకటి, గరుగ్గా ఉండేది ఒకటి. గరుకే గిరాకీ. అసలు చేతిరాతేనని నమ్మించడానికి ఒక్కో అక్షరానికి రెండు మూడు రూపాలు లోపల దాచిపెడతారు, ఒకే అక్షరం పక్కపక్కన వస్తే వేరే రూపం దానంతటదే వస్తుంది. నిర్లక్ష్యాన్ని కూడా ఇంత శ్రద్ధగా తయారుచేయాలి. మా హోటల్ వాళ్లు తీసుకున్న దాంట్లో ఆ సౌకర్యం లేనట్టుంది, లేదా ఉన్నా ఆన్ చేసుకోలేదు. అందుకే అమ్మమ్మ రెండుసార్లు ఒకేచోట కారింది.

అమ్మే పద్ధతి ఇంకా బాగుంటుంది. కంప్యూటర్‌లో వాడుకుంటే ఒక లైసెన్సు, యాప్‌లో పెట్టుకుంటే ఇంకొకటి, వెబ్‌సైట్‌లో పెడితే నెలకు ఎన్నిసార్లు జనం ఆ పేజీ చూస్తారో లెక్కేసి దానికి తగ్గ రేటు. మన పెయింటర్‌కు ఈ తెలివి ముప్పై ఏళ్ల కిందట తట్టలేదు. చూసిన మనిషికి పైసా చొప్పున అడిగి ఉంటే, ఆర్టీసీ బస్టాండు ఎదురుగోడ ఒక్కటి రాసి రిటైరైపోయేవాడు.

ఢిల్లీలో ఇంకోలా ఆలోచించిన మనిషి ఒకరున్నారు. 2024లో కన్నుమూసిన హనీఫ్ ఖురేషీ అనే కళాకారుడు హ్యాండ్‌పెయింటెడ్ టైప్ అని ఒక పని మొదలుపెట్టారు. వీధుల్లో బోర్డులు రాసే పెయింటర్ల దగ్గరికి వెళ్లి, వాళ్ల చేత అక్షరాలన్నీ వరసగా రాయించి, వాటిని ఫాంట్లుగా మార్చి, ఆ ఫాంట్లకు ఆ పెయింటర్ల పేర్లే పెట్టారు. పెయింటర్ కఫీల్, పెయింటర్ ఉమేశ్, అలా. మనం మాత్రం ఫాంట్లకు కవుల పేర్లు పెట్టుకున్నాం. కవులు తాటాకు మీద రాసినవాళ్లు, గంటం పట్టినవాళ్లు. వాళ్లలో ఏ ఒక్కరూ నిచ్చెనెక్కి 'ప్రకృతి వైద్యశాల' రాసి ఉండరు. తెలుగు ఫాంట్ల మెనూలో పెద్దన పక్కన మన ఊరి 'ఆర్ట్స్' ఆయన ఒక్కరైనా కూర్చోవాలని నా డిమాండు. తోకతో సహా. విభజన చట్టంలో ఈ విషయం రాయకపోవడం పెద్ద పొరపాటు, రాసి ఉంటే ఉమ్మడి రాష్ట్రపు పెయింటర్లను కూడా 58.32, 41.68 నిష్పత్తిలో పంచుకుని, ఈపాటికి ఎవరి వాటా వాళ్లు కోర్టులో అడుగుతూ ఉండేవాళ్లం.

ఇంత రాశాక ఊరుకుంటే బాగుండదని, మా గేటుకు ఇంటిపేరు బోర్డు చేత్తోనే రాయించాలని నిశ్చయించుకున్నాను. నాలుగు చోట్ల విచారిస్తే ఒక పెద్దాయన దొరికారు. ఇప్పుడు అపార్ట్‌మెంట్లకు రంగులు వేయిస్తున్నారు, అడిగితే అక్షరాలు కూడా రాస్తారట. నాకు కావలసిన రకం ఎలా ఉంటుందో చూపిద్దామని ఫోనులో ఒక రెట్రో ఫాంటు నమూనా తీసి ఇచ్చాను. డాలర్లలో ధర ఉన్నది, 'శ్రీ'తో మొదలయ్యేది. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి జరిపి, ఫోను దూరంగా పెట్టుకుని చూశారు.

"ఎవరో నేర్చుకునే కుర్రాడు వేసినట్టున్నాడు సార్" అన్నారు.

"కంప్యూటర్‌దండీ అది" అన్నాను.

"అదే. క్రారవడి లోపల నీడ వదిలేశాడు, ఒత్తు మీదికి ఎక్కించాడు. రెండు నెలలు మన దగ్గర ఉంటే సర్దుకుంటాడు."

రేటు మాట్లాడుకున్నాం. ఆయన చెప్పిన అంకె విని, పెయింటర్ల పక్షాన ఇంత పెద్ద వ్యాసం రాసిన మనిషిగా నేను చేయవలసింది చేశాను. నీడ తీసేస్తే ఎంత తగ్గిస్తారని అడిగాను.

"నీడ తీసేస్తే పెరుగుతుంది సార్" అన్నారాయన. "నీడుంటే అంచు వంకరలన్నీ దాని కింద సర్దేయొచ్చు. నీడ లేకపోతే అక్షరం తిన్నగా రావాలి కదా, దానికి టైం పడుతుంది."

నీడతోనే ఖాయం చేసుకున్నాం. ఏ మూలన వేయమంటారని అడిగితే నైరుతి అన్నాను. ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు, అలా అడిగేవాళ్లు ఇంతకుముందు కూడా ఉన్నారట. అక్షరాలు లెక్కపెట్టి, చిన్న కాగితం మీద హెచ్చవేసి, చివర్లో ఒకటి కలిపారు. ఎందుకని అడిగాను. 'శ్రీ'ని రెండక్షరాల కింద లెక్కేస్తారట.